పూవు వాడిన పిమ్మట

వికసించుచున్న దానిని ప్రేమించుటకు ఎవరికిని ఉపదేశము అక్కరలేదు. పూచిన మొక్కచుట్టు జనులు తామే చేరుదురు. అయితే రేకులు రాలి, కాడ వంగి, ఆకులు పసుపువన్నెకు తిరిగి నేలమీద వ్రాలినప్పుడు ఆ మొక్కయెడల మనకు బాధ్యత మిగిలియున్నదా? మిగిలియున్నయెడల అది ఎట్టిది, ఎంతకాలము నిలుచునది? ఈ ప్రశ్న తోటమాలికి మాత్రమే సంబంధించిన చిన్న ప్రశ్నగా కనబడును. నాకును మొదట అట్లే కనబడెను. కాని అది నా జీవితములోనికి రెండు పర్యాయములు వచ్చినది. మొదటిసారి ఒక పూలమడిలో వచ్చినది. రెండవసారి ఒక పెద్దమనిషి యింటి గుమ్మమువద్ద వచ్చినది. మొదటిచోట నేర్చుకొనిన పాఠమును రెండవచోట మరచితిని. అందుచేతనే దీనిని వ్రాయుచున్నాను.

1998వ సంవత్సరమున వేదాంతశాస్త్రమందు పరిశోధన నిమిత్తము నేను స్కాట్లండు దేశమందలి ఎడిన్‌బరో నగరమునకు వెళ్లితిని. అచ్చట ఒక వృద్ధ విధవరాలి యింట ఒక గదిని అద్దెకు తీసికొంటిని. ఆమెకు అప్పటికి ఎనుబది యేండ్లు సమీపించుచుండెను. ఇంటివెనుక చిన్న తోట యుండెను. శీతకాలమంతయు ఆ తోటలో నల్లని మట్టి తప్ప మరేమియు కనబడలేదు. మార్చి నెల ముగియుచుండగా ఒక ఉదయమున కిటికీ తెరచి చూచునప్పటికి ఆ మట్టినుండి డాఫొడిల్ పూలు వరుసలుగా లేచియుండెను. పసుపుపచ్చని ఆ పూలను చూచి, సూర్యుని చూచి పది దినములైన ఆ దేశమున నా ప్రాణము సేదదీరినది.

ఆ పూల స్వభావమును కొంత చెప్పవలెను. డాఫొడిల్, ట్యూలిప్, హయసింత్ మొదలగు వసంతపు పూలు నేలలోని గడ్డనుండి పుట్టును. ఆ గడ్డ మన ఉల్లిపాయను పోలినది. పొరమీద పొరగా నుండు దానిలో రాబోవు పూవునకు కావలసిన ఆహారము నిలువచేయబడియుండును. శరత్కాలమున ఆ గడ్డను దాని యెత్తునకు రెండు మూడింతల లోతున నాటుదురు. పిమ్మట అది దీర్ఘమైన చలిని అనుభవింపవలెను. ట్యూలిప్ గడ్డకు ఇంచుమించు 12 మొదలు 16 వారముల చలి లేనియెడల దాని కాడ సరిగా నెదుగదు. ఆ హేతువుచేతనే మన మైదానములలో అవి నిలువవు. చలి తీరగానే మొలకెత్తి, కొన్ని వారములు పూచి, వాడిపోవును. చూచువారికి అంతటితో కథ ముగిసినట్లే యుండును.

1999 మే నెల మొదటి వారమున నేను కిటికీనుండి చూచినప్పుడు ఆ మడి నాకు ఏహ్యముగా కనబడెను. పూలు ఎండి చిరుగులు పడియుండెను. పొడవైన ఆకులు తడిసిన గడ్డివలె ఒకదానిమీద నొకటి పడియుండెను. ఆ వృద్ధురాలు వంగి పని చేయలేదు గనుక ఆమెకు సహాయము చేయవలెనని నాకు తోచినది. ఆమె బంధువుల యింటికి వెళ్లియున్న ఒక శనివారమున కత్తెర తీసికొని ఆకులన్నిటిని నేలమట్టముగా కత్తిరించితిని. వాటిని ప్రోగుచేసి బయట పారవేసి, మట్టిని చదును చేసి, తృప్తితో చేతులు కడుగుకొంటిని. అది నిజముగా చక్కగా కనబడుచుండెను.

సాయంకాలము ఆమె వచ్చి తలుపుదగ్గర చాలసేపు నిలువబడెను. నన్ను గద్దింపలేదు. "నీవు శ్రమపడితివి, అందుకు వందనములు. అయితే అవి యింకను భోజనము చేయుచుండెను" అని మాత్రము చెప్పి లోపలికి వెళ్లెను. ఆ మాట నాకు వెంటనే బోధపడలేదు.

పిమ్మట తెలిసికొంటిని. పూవునకు కావలసిన ఆహారము నిరుడు నిలువచేయబడినది. ఈ యేడు పూయుటలో అది చాలవరకు ఖర్చైపోవును. పూవు వాడునాటికి గడ్డ బలహీనమైయుండును. అప్పుడు దానిని మరల నింపువారెవరు? ఆకులే. అవి సూర్యకాంతిని త్రాగి ఆహారమును సిద్ధపరచి క్రిందికి పంపును. పూవు రాలిన తరువాత కనీసము ఆరు వారములు ఈ పని జరుగవలెను. డాఫొడిల్ గడ్డలోపల వచ్చు సంవత్సరపు పూమొగ్గ వేసవి ఆరంభములోనే రూపము దాల్చ మొదలిడును. అనగా పైన మనకు మరణముగా కనబడు ఆ దినములలోనే క్రింద రాబోవు వసంతము ఏర్పడుచుండును. ట్యూలిప్ సంగతి యింకను గంభీరమైనది. దాని తల్లిగడ్డ ప్రతి సంవత్సరము తన్నుతాను పూర్తిగా వ్యయపరచుకొని క్షీణించును. దాని స్థానమున పిల్లగడ్డలు పుట్టును. ఆ పిల్లలను పోషించునవియు ఆ ఆకులే. ఆకు పసుపుబారుట పని మానుటకు గుర్తు కాదు. తనయందున్నదంతయు క్రిందికి అప్పగించుటకు గుర్తు.

2000వ సంవత్సరపు వసంతమున ఆ మడిలో ఆకులు వచ్చినవి. పూలు మాత్రము రెండో మూడో వచ్చినవి. ఆకులు వేసియు పూవు వేయని గడ్డను ఆ దేశపు తోటమాలులు గ్రుడ్డిదందురు. నేను గ్రుడ్డివానిగా చేసిన పనికి ఆ పేరు తగియున్నదని నాకు తోచెను. నేను లజ్జపడి, క్రొత్త గడ్డలు కొని తెచ్చెదనని ఆమెతో చెప్పితిని. ఆమె ఒప్పుకొనలేదు. ఆ పూవులేని మడికి ఆమె ఏడాది పొడుగున సేవ చేసెను. కట్టెల బూడిద చల్లెను. వర్షము లేని వారములలో నీరు పోయుమని నన్ను పంపెను. ఆకులు వాటంతట అవే యెండువరకు కత్తెరను పెట్టెలోనుండి తీయనీయలేదు. 2001లో మడి సగము పూచెను. ఆ వేసవిలో నేను స్వదేశమునకు తిరిగి వచ్చితిని. పూర్తిగా పూచిన మడిని నేను మరల చూడలేదు.

ఇచ్చట నా సిగ్గును పెంచు సంగతి యొకటి కలదు. నేను పట్టణములో పుట్టినవాడను కాను. మా తాతగారు పసుపు పండించినవారు. పసుపుచేనులో ఆకులు పండి, ఎండి, నేలకు వ్రాలువరకు గడ్డపార దింపరాదని చిన్ననాడే వినియున్నాను. ఆకు పచ్చగా నుండగా తవ్విన కొమ్ము నీరుపట్టి తేలిపోవును. ఉల్లి పండించువారును ఇదే చెప్పుదురు. కర్నూలు ప్రాంతపు రైతు చేనిలో సగము మొక్కలు తలలు వాల్చువరకు వేచియుండును. పెరికిన పిమ్మట ఆకుతోనే కొన్ని దినములు ఆరనిచ్చి, మెడ ఎండినతరువాతనే ఆకును కోయును. తొందరపడినయెడల ఆ ఉల్లి గాదెలో కుళ్లిపోవును. ఈ జ్ఞానమంతయు నాకున్నది. ఉన్నను, ఆ పూలమడివద్ద అది నాకు జ్ఞాపకము రాలేదు. ఎందుచేత? ఉల్లి విషయమున మన కడుపు సాక్ష్యమిచ్చును గనుక ఓర్చుకొందుము. పూవు విషయమున మన కన్ను మాత్రమే సాక్షి. కంటికి విందు ముగియగానే ఓర్పును ముగియును. దేనివలన మనకు లాభమో దానియెడల ఓర్పు, దేనివలన వేడుకయో దానియెడల తొందర. నరుని హృదయపు లెక్క ఇట్టిది.

ఇప్పుడు రెండవ సంగతికి వచ్చెదను. 2008వ సంవత్సరమున నేను ఒక సంఘపు కమిటీలో సభ్యుడనైయుంటిని. ఆ సంఘమునకు ముప్పదియేండ్లు కాపరిగా నుండి విరమించిన అయ్యగారు ప్రాంగణములోని యొక చిన్న యింటిలో నివసించుచుండిరి. అమ్మగారు అప్పటికే ప్రభువునందు నిద్రించిరి. ఆయనకు వినికిడి తగ్గెను. ఆరాధనలో ఒకసారి ప్రార్థన చేయ లేచి, చెప్పినదానినే మరల మరల చెప్పి కూర్చుండిరి. యౌవనులు నవ్వుకొనిరి. ఆ యింటిని పడగొట్టి అచ్చట ఒక సభామందిరము కట్టవలెనని కమిటీలో ప్రతిపాదన వచ్చెను. ఎవరును చెడ్డవారు కారు. మందిరము అవసరమే. ఆయనకు ఒక కుమార్తె వేరొక పట్టణమున కలదు గదా అని యొకరు చెప్పిరి. తీర్మానము జరిగెను. నేను చెయ్యి యెత్తితిని.

ఉత్తరము వ్రాయుపని నాకు అప్పగింపబడెను. ఏలయనగా నా తెలుగు మంచిదని వారి అభిప్రాయము. అనువాదము నా వృత్తి. కఠినమైన మాటను మృదువుగా చెప్పుట నాకు తెలియును. "ఇల్లు ఖాళీ చేయుడి" అను చోట "మీకు తగిన విశ్రాంతి లభింపవలెనని" వ్రాసితిని. మూలమునకు ఇంత ద్రోహము చేసిన అనువాదమును నేను మరెన్నడును చేయలేదు. ఒక వారము తరువాత అయ్యగారు తామే వచ్చి తాళపుచెవి నా చేతికిచ్చి, "ఉత్తరములో తెలుగు చాలా బాగా వ్రాశావు, నాయనా" అనిరి. ఆయన వ్యంగ్యముగా మాటలాడువారు కారు. నిజముగా మెచ్చుకొనిరి. అందుచేతనే ఆ మాట నన్ను నేటికిని విడువలేదు. మరుసటి సంవత్సరము ఆయన ఆ పట్టణముననే పరమపదించిరి. సభామందిరము కట్టబడెను. అది చక్కగానే యున్నది. నేను చదును చేసిన పూలమడియు చక్కగానే యుండెను.

ఆయనకు వీడ్కోలు సభ జరిపితిమని చెప్పుట మరువరాదు. శాలువా కప్పితిమి, పూలదండ వేసితిమి, ఛాయాచిత్రము తీయించితిమి. తోటమాలులలో కొందరికి ఒక అలవాటు కలదు. డాఫొడిల్ ఆకులను కత్తిరించుటకు మనసొప్పక, చూపునకు చక్కగా నుండుటకై వాటిని కట్టలుగా ముడివేయుదురు, లేదా మడచి రబ్బరుపట్టీతో బిగింతురు. ఆకు తెగలేదు, నిజమే. కాని మడతలోపలి ఆకునకు వెలుగు తగులదు. దాని పని కుంటుపడును. అది కత్తెరకంటె మర్యాదగల హింస. మన సన్మానములలో చాలవరకు ఇట్టి ముడులే. పెద్దలను అవమానింపము, శాలువాలో చుట్టి వెలుగుకు దూరముగా కూర్చుండబెట్టుదుము. వారి పేరు ఆహ్వానపత్రికలో వేయుదుము గాని వారిని ఆలోచన అడుగము.

ఇచ్చట ఒక ఆక్షేపణ రావచ్చును, రావలెను కూడ. సంఘమైనను కుటుంబమైనను ముందుకు సాగవలదా? క్రొత్తవారికి చోటు వలదా? ప్రతి వాడిన ఆకును కాపాడుచు కూర్చున్నయెడల తోట అడవి కాదా? ఈ ఆక్షేపణ న్యాయమైనది. దీనికి తోటయే మంచి యుత్తరమిచ్చుచున్నది.

మొదటిది, పూవు వాడగానే తోటమాలి ఒక దానిని నిశ్చయముగా తీసివేయును. అది వాడిన పూతల. దానిని ఉంచినయెడల మొక్క తన బలమును గింజ పెట్టుటకు వెచ్చించును, గడ్డ బలహీనమగును. అందుచేత పూతలను త్రుంచి, పచ్చని కాడను ఆకులను విడిచిపెట్టును. పెద్దలు విడువవలసినదియు కలదని దీని భావము. పదవి, అధ్యక్షస్థానము, సంతకము, చివరిమాట చెప్పు హక్కు, ఇవి పూతలలు. వీటిని పట్టుకొని వ్రేలాడు పెద్ద సంఘమునకు బలము కాడు. ఇప్పుడు నేను ఏబదియేండ్లు దాటినవాడను గనుక ఈ మాటను నాకే చెప్పుకొనుచున్నాను. కాని పూతలను తీసివేయుట వేరు, ఆకును కోయుట వేరు. పదవిని తీసికొనుచు మనుష్యునికూడ తీసివేయుట మన పొరపాటు.

రెండవది, తోటమాలి క్రొత్తవాటికి చోటిచ్చును. అయితే పాతవాటి స్థానమున కాదు, వాటి నడుమ. గడ్డల నడుమ వేసవి మొక్కలను నాటును. ట్యూలిప్ ఆకు పసుపుబారుచుండగా డేలిల్లీ, జెరేనియము వంటి మొక్కలు చిగిర్చి వాటిని కప్పును. వాడుచున్నదానికి మరుగు దొరకును, చూచువారికి పచ్చదనము దొరకును. యౌవనుల బలము పెద్దల బలహీనతను వీధికి ఎక్కింపక కప్పిపెట్టవలెనను సంగతి ఇందు కలదు. ఆనాడు ప్రార్థనలో తడబడిన అయ్యగారి ప్రక్కన ఒక యౌవనుడు నిలిచి ఆమేన్ అనియుండవచ్చును. ఎవరును అనలేదు. నేనును అనలేదు.

మూడవది, కోయవలసిన కాలము కూడ కలదు. ఆకు పూర్తిగా పండి ఎండినప్పుడు మెల్లగా లాగినంతమాత్రమున చేతికి వచ్చును. అప్పుడు తీసివేయుట తప్పు కాదు. ట్యూలిప్ గడ్డలను ఆ సమయముననే తవ్వి, కుళ్లినవాటిని ఏరివేసి, గాలి తగులు నీడపట్టున ఆరబెట్టి, శరత్కాలమున మరల నాటుదురు. శ్రీనగరమున డాల్ సరస్సు దగ్గర జబర్వాన్ కొండల పాదమున నున్న ట్యూలిప్ ఉద్యానవనము ప్రసిద్ధమైనది. వసంతమున కొన్ని వారములు దేశము నలుమూలలనుండి జనులు వచ్చి చూచి వెళ్లుదురు. వారు వెళ్లినతరువాతనే అచ్చటి తోటమాలుల దీర్ఘమైన పని. ఆకు పండువరకు కాపాడవలెను, వేసవిలో గడ్డలు తవ్వి భద్రపరచవలెను, శరత్కాలమున మరల నాటవలెను. చూచువారికి తోట కొన్ని వారములదే, కాపాడువారికి ఏడాదంతయు.

కాబట్టి ప్రశ్న "వాడినదానిని ఎప్పటికిని ఉంచవలెనా?" అనునది కాదు. "ముగిసినదానికిని, మన కంటికి నచ్చనిదానికిని గల భేదము మనకు తెలియునా?" అనునదే ప్రశ్న. నేను రెండుచోట్లను నా కంటికి నచ్చనిదానిని ముగిసినదని తీర్పు తీర్చితిని.

ఈ భేదమును పరిశుద్ధ గ్రంథము ఎంత సూక్ష్మముగా చూపుచున్నదో అనువాదకునికి తెలియును. సంఖ్యాకాండము 8వ అధ్యాయపు చివర లేవీయుల విరమణనుగూర్చిన నియమము కలదు. ఏబదియవ యేట వారు పని మానవలెను. అయితే మానవలసిన పనికి హెబ్రీ మూలమందున్న మాట 'అవోదా'. ఇది బరువైన సేవ. దానిని మానిన పిమ్మటను వారు తమ సహోదరులతోకూడ గుడారమువద్ద 'మిష్మెరెత్' జరుపుదురని ఆ వచనము చెప్పుచున్నది. ఇది కావలి, కాపుదల. భుజములనుండి బరువు దింపబడును గాని గుమ్మమునుండి వారు త్రోసివేయబడరు. ఒక మాటను తీసి రెండవ మాటను విడిచిపెట్టుట అను ఈ నియమము, పూతలను త్రుంచి ఆకును విడిచిపెట్టు తోటమాలి నియమమునకు సాటియైనది. దీనిని నేను తరగతులలో ఎన్నియో మారులు వివరించితిని. ఉత్తరము వ్రాయుచున్న రాత్రి మాత్రము జ్ఞాపకము చేసికొనలేదు.

అయినను నేను ఇచ్చట ఆగినయెడల సత్యములో సగమే చెప్పినవాడనగుదును. ఈ ఉపమానములో ఒక అపాయము కలదు. ఆకును ఎందుకు కాపాడుచున్నాము? అది గడ్డను పోషించును గనుక, వచ్చు సంవత్సరము పూవు కలుగును గనుక. అనగా ఇంకను మనము లాభమునే లెక్కించుచున్నాము. లాభము కొంత ఆలస్యముగా వచ్చునని మాత్రము ఒప్పుకొంటిమి. హాలెండు దేశమున లిస్సె పట్టణమువద్దనున్న కోకెన్‌హోఫ్ ఉద్యానవనము 1950నుండి ప్రజలకు తెరువబడుచున్నది. అచ్చట ప్రతి శరత్కాలమున ఇంచుమించు డెబ్బది లక్షల గడ్డలు నాటుదురు. పూలకాలము ఎనిమిది వారములు. పిమ్మట వాటిని తవ్వివేసి, మరుసటి యేటికి క్రొత్త గడ్డలు నాటుదురు. గడ్డల విషయమున ఇది పాపము కాదు. తోట మనది, గడ్డ మనది. అయితే ఈ లెక్క మనుష్యునియెడల ఎట్లుండును? ఏ పూవునకును ఇక ఆధారము కాని ఆకు, ఎవరికిని ఇక ఉపదేశింపలేని కాపరి, తన పిల్లల పేర్లనే మరచిన తల్లి, వీరిమాట ఏమి?

అయ్యగారు వెళ్లిన పిమ్మట నేను నా మనస్సులో ఒక జాబితా వ్రాసికొంటిని. ఆయనకు ప్రతి కుటుంబపు మూడు తరముల పేర్లు తెలియును. ఏ యింట ఏ గాయమున్నదో ఆయనకు తెలియును. ఆయనను పోగొట్టుకొనుటవలన సంఘము ఎంత పోగొట్టుకొనెనో అని దుఃఖించితిని. చాలకాలమునకు గాని నా దుఃఖములోని దోషము నాకు కనబడలేదు. ఆయన ఉపయోగపడునప్పుడు పంపివేసితిమని విచారించుచుంటిని. ఆయన ఉపయోగపడనివారైయుండినయెడల పంపివేయవచ్చునా? ఆ జాబితాయే మరియొక కత్తెర. కమిటీవారు ఆయన ఉపయోగము తీరినదని లెక్కించిరి, నేను తీరలేదని లెక్కించితిని. లెక్కించుటలో మాత్రము మేమందరము ఏకమైతిమి.

ఇచ్చట తోట నాకు దారి చూపలేదు. యెషయా గ్రంథము 46వ అధ్యాయము చూపినది. ఆ అధ్యాయపు ఆరంభములో బబులోను దేవతలు పశువులమీద బరువులుగా మోయబడుచున్నవి. వెంటనే దేవుడు తన జనులతో మాటలాడుచు, గర్భమునుండి తలనెరయువరకు వారిని మోయువాడను తానేయని సెలవిచ్చుచున్నాడు. మోయబడు దేవతలకును మోయు దేవునికిని గల భేదమును ప్రవక్త ఆ విధముగా చూపుచున్నాడు. మనము గమనింపవలసినది ఇది: తలనెరసినవారు ఏ పనికి వచ్చుదురని ఆ వాక్యము అడుగదు. వారిని కలుగజేసినవాడను నేనే అని మాత్రము చెప్పును. మోయుటకు కారణము మోయబడువాని ప్రయోజనములో లేదు, మోయువాని సంబంధములో కలదు.

ఎడిన్‌బరో గృహిణి నా మతవిషయకమైన చర్చలలో ఎన్నడును పాల్గొనలేదు. అయినను ఇప్పుడు ఆలోచింపగా ఆమె ఆ మడికి చేసిన సేవలో ఈ రెండవ సత్యము కొంత కనబడుచున్నది. అవి మరల పూయునని ఆమెకు నిశ్చయము లేదు. పూచుటను చూచుటకు తాను బ్రదికియుందునని అంతకంటె నిశ్చయము లేదు. క్రొత్త గడ్డలు చౌకగా దొరకును. అయినను ఆమె "ఇవి నా భర్త నాటినవి" అని యొకమారు చెప్పెను. ఆ మాటలో లాభనష్టముల ప్రసక్తి లేదు. ఎవరు నాటిరో అదియే ఆమెకు చాలెను.

మత్తయి సువార్త 6వ అధ్యాయమున మన తెలుగు అనువాదకులు "అడవి పువ్వులు" అని వ్రాసినచోట గ్రీకు మూలమందు 'క్రినా' అనియున్నది. అది ఏ పూవైయుండునో పండితులకు ఏకాభిప్రాయము లేదు. గలిలయ కొండలలో వసంతమున ఎఱ్ఱగా పూచి, వేసవిలో మాయమై, నేలలోని దుంపలో ప్రాణము దాచుకొను ఎనిమోన్ పూవని కొందరందురు. ప్రభువు వాటిని చూడుమని చెప్పినప్పుడు వాడిన క్రియాపదము పూయుటను సూచించునది కాదు, ఎదుగుటను సూచించునది. ఎదుగుటను చూడగోరువాడు పూలకాలమున మాత్రము వచ్చి వెళ్లరాదు. ఆకు పండుచున్న దినములలోను, మట్టి మాత్రమే కనబడు దినములలోను అచ్చట నిలువవలెను.

ప్రియ చదువరులారా, మీలో అనేకులకు ట్యూలిప్ మడులు లేవు. కుండీలో ఒక ఫుట్‌బాల్ లిల్లీ ఉండవచ్చును. మే నెలలో బంతివలె ఎఱ్ఱగా పూయును, కొద్ది దినములలో వాడును. దాని ఆకులు పూవు వెంటనో పూవు తరువాతనో పెరిగి వర్షాకాలమంతయు గడ్డను పోషించును. పూవు పోయినదని ఆ కుండీని మూలకు త్రోసి నీరు మానకుడి. ఆకు పచ్చగా నున్నంతకాలము నీరు పోయుడి. ఆకు తానే యెండినప్పుడు నీరు తగ్గించి దానిని నెమ్మదిగా నుండనియ్యుడి.

అట్లే మీ యింటను, మీ సంఘమునను పూవు రాలినవారు ఎవరో యొకరు ఉందురు. ఈ వారము వారియొద్దకు వెళ్లుడి. వారినుండి ఏదైన నేర్చుకొనవలెనని వెళ్లకుడి. నేర్చుకొందురేమో, అది వేరు సంగతి. వారు చెప్పినదానినే మరల చెప్పినయెడల మరల వినుడి. వారిని నాటినవాడెవరో జ్ఞాపకము చేసికొనుడి. నేను ఆ పనిని 2008లో చేయలేదు. అయ్యగారి యింటి స్థలమున ఇప్పుడు మందిరము నిలిచియున్నది గనుక దానిని సరిదిద్దు మార్గము నాకు లేదు. నా చేతిలోని కత్తెరను క్రింద పెట్టుట మాత్రము నాకు సాధ్యము. మీకును అది సాధ్యము.